నాగులమ్మ కాగితం

"పిల్లను పడుకోబెట్టి కాస్త ఆ మినప్పప్పు రుబ్బెయ్‌మే" అంది మా అత్తయ్య వెంకటసుబ్బమ్మ. నాగులమ్మ అప్పుడే ఉదయగిరి బస్సు దిగి వచ్చింది, చేతిలో సంచి ఇంకా కింద పెట్టలేదు.

ఆత్మకూరులో మా ఇంటికి పిల్లను చూసుకోవడానికి వచ్చిన మూడో మనిషి ఆమె. ముందు ఇద్దరూ ఇట్లాంటి "కాస్త"ల కింద నలిగే వెళ్ళిపోయారు. ముందు పప్పు, ఆనక బట్టలు, ఆనక మామయ్యకు కాళ్ళు పట్టడం. పిల్ల మాత్రం తిరిగి నా చంకలోకే. ఈమె కూడా పోతే నెల్లూరులో నాకొచ్చిన బి.ఇడి. సీటు పోయినట్టే. సోమవారం చేరాలి.

అందుకని కాగితం రాశాను, రెండు కాపీలు. మా అంగట్లో మిరపకాయల బస్తా దిగితే చీటీ, ఎక్కితే చీటీ. పిల్లకు మనిషిని పెట్టుకోవడానికి మాత్రం నోటిమాట చాలట! బి.కాం. చదివిన కోడలికి ఆ మాత్రం తిక్క ఉండొద్దూ?

మా ఆయన హరిప్రసాద్ పడీపడీ నవ్వాడు. "ఏంది, ఆయాకు అగ్రిమెంటా? ఇంక నాకు కూడా రాస్తావా ఏంది?"

"మీకు స్టాంపు పేపరు కావాలి, దండగ."

చదవకుండానే రెండింటి మీదా సంతకం గీకి అంగడికి పోయాడు. నాగులమ్మ మాత్రం నిదానంగా చదువుకుని, తన కాపీ మడిచి రవికలో పెట్టుకుంది. "ఉదయగిరిలో మావోళ్ళకు చూపిస్తానమ్మా. నోటితో చెప్తే నమ్మరు."

మర్నాడు అత్తయ్య తొడిమలు తీయమని మిరపకాయల చాట ఆమె ముందుకు తోసింది.

"కాగితంలో లేదు పెద్దమ్మా" అంది నాగులమ్మ, మర్యాదగానే.

నాకు పై ప్రాణాలు పైనే పోయాయి. అత్తయ్య నేరుగా నా దగ్గరకొచ్చింది. ఆమెకు చదువు రాదు. "ఏం రాసిచ్చినావో చదువు."

నా కాపీ తీసి చదివాను. పిల్ల పని తప్ప వేరే పని చెప్పకూడదు. ఆదివారం చర్చికి సెలవు. అన్నం వేడిగా ఉండగానే పెట్టాలి. మధ్యాహ్నం పిల్ల నిద్రపోతే ఆమె కూడా పడుకోవచ్చు, ఎవరూ లేపకూడదు.

తిట్లకు సిద్ధంగా ఉన్నాను. అత్తయ్య, సోమశిల డ్యాం గేట్లెత్తిన రోజు జనం నీళ్ళను చూసినట్టు, ఆ కాగితాన్ని చూస్తూ నిలబడిపోయింది.

"ఆ ఆఖరిది మళ్ళీ చదువు."

చదివాను.

"ఇట్టా కూడా రాయించుకోవచ్చునా?" గొంతు బాగా తగ్గింది. "కాపరానికొచ్చినాక నేను పగటిపూట నడుం వాల్చింది కాన్పులప్పుడే."

చాట అక్కడే వదిలేసి నడిమింట్లో చాప పరుచుకుని పడుకుంది. నేనూ నాగులమ్మా గడప దగ్గర నిలబడి చూశాం. ఇన్నేళ్ళుగా ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఆమె అరికాళ్ళు నేను చూడటం అదే మొదటిసారి. పగుళ్ళలో పసుపు, మిరప దుమ్ము. ఊపిరి పిల్ల ఊపిరంత మెత్తగా వస్తోంది.

నా కాపీలో సంతకం పైన ఒక వరస జాగా మిగిలింది. పెన్ను తీసి, ఆ ఆఖరి షరతు కిందే అత్తయ్య పేరు కూడా చేర్చాను.

భోజనానికొచ్చిన మా ఆయన "అమ్మ ఏది? అన్నం పెట్టమను" అన్నాడు.

తలుపు దగ్గరగా వేశాను. "పడుకున్నారు. లేపకూడదు."

"ఎవరు చెప్పినారు?"

"మీరే. సంతకం కూడా ఉండాది."