స్విచ్చి వేసిందెవరు

కాలేజీలో ఆమెను పేరు పెట్టి పిలిచే నాథుడే లేడు. ఒకరోజు మరిది "వదినా" అన్నాడో లేదో, క్లాసంతా ఆమెకు మరుదులైపోయారు. పెళ్లితో ఆగిన చదువులో సర్క్యూట్స్ ల్యాబ్ ఒక్కటే మిగిలింది, అదీ మరిది బ్యాచ్‌తో కలిసి రాయాల్సి వచ్చింది. ఇదే ఆఖరి అవకాశం. "ఈసారి పోతే మళ్లీ చదువు మాట ఎత్తకూడదు," అని అత్తగారు తేల్చి చెప్పేసింది.

పరీక్షలో ఇచ్చింది చిన్న సర్క్యూటే: ఒక సప్లై, మూడు రెసిస్టర్లు. రూలు మాత్రం గట్టిది. కనెక్షన్ ఎగ్జామినర్‌కి చూపించకుండా స్విచ్చి వేసినవాళ్లు బయటికే, తప్పినట్టే. ఎగ్జామినరేమో అవతలి వరసలో ఎవరినో మూడు చెరువుల నీళ్లు తాగిస్తున్నాడు.

ఎదురుచూస్తూ ఆమె వైర్లను మరోసారి వేలితో తడిమి చూసుకుంది. వేలు ఒకచోట ఆగిపోయింది. కరెంటు కొలిచే అమ్మీటరు రెసిస్టర్ల వెంట వరసలో ఉండాలి. తొందరలో దాన్ని సప్లై రెండు కొసలకూ తగిలించింది! స్విచ్చి పడితే కరెంటంతా మీటర్లోంచే దూకుతుంది. అమ్మయ్య, ఇంకా వేయలేదు కదా అనుకుని వైరు పీకబోయింది.

"ఏంటి వదినా, ఇంకా మొదలెట్టలేదా? టైమైపోతోంది!" పక్క టేబుల్ నుంచి మరిది స్విచ్చి మీదికి చెయ్యి చాచాడు.

"ఆగు, ముట్టుకోకు!"

టప్పుమంది. మీటరు ముల్లు కొసకు కొట్టుకుంది. కాలిన వాసన వచ్చింది, వరసంతా కరెంటు పోయింది.

"ఎవరు వేశారు స్విచ్చి?" ఎగ్జామినర్ పరుగున వచ్చాడు.

మరిది ముఖంలో నెత్తురు చుక్క లేదు. మంచి చేద్దామనే వేశాడు, వెధవ! చెబితే మరిది చదువు చెడగొట్టిన కోడలు. చెప్పకపోతే చదువు అబ్బని కోడలు. ఆమె పని అడకత్తెరలో పోకచెక్క అయింది. వాడే నోరు విప్పితే బాగుండునని ఎంత ఆశపడిందో! వాడు తల వంచుకుని కాగితం మీద గీతలు గీస్తున్నాడు.

"నేనే సార్."

"బయటికి నడవండి."

సాయంత్రం అత్తగారు తలుపు తీస్తూనే అడిగింది. "ఏమైందమ్మా?"

"పోయింది అత్తయ్యా. చూపించకుండా స్విచ్చి వేశాను."

"అయ్యో రాత! వీడు పక్కనే ఉన్నాడు కదా, ఒక్క మాట వీణ్ణి అడిగితే నీ సొమ్మేం పోయింది?"

మరిది గుమ్మం దగ్గర బూట్లు విప్పుకుంటున్నాడు. ఎంతకీ ముడి ఊడటం లేదు. ఆమెకు ఒళ్లు మండిపోయింది. కళ్లు తుడుచుకుంది.

"బుద్ధి తక్కువై అడగలేదు అత్తయ్యా," అంది.