యానాంలో మూడు ఎక్కిళ్లు

2009 ఏప్రిల్ మూడో తేదీ. నన్ను పాడిన అమ్మాయి ఆ మధ్యాహ్నం గట్టిపడిన రొట్టెను ఉల్లిపాయ సూపులో ముంచుకుని తిని, మైకు ముందు నిలబడింది. అలా పుట్టిన నేను ఒక ఫ్రెంచి పాటను. ‘నా నడక నాది, నా గొంతు నాది’ అన్నదే నా పల్లవి. లియోన్ నగరపు డాన్సు హాళ్లలో వందలమంది ఒకే రకం జీన్సు వేసుకుని, ఒకే అడుగు వేస్తూ, తమలాంటివాళ్లు లోకంలో మరొకరు లేరని నాతో కలిసి అరిచేవాళ్లు. నేను నవ్వుకునేదాన్ని.

రెండేళ్లకే వాళ్లు నన్ను మరిచిపోయారు. ఒక ఫోను నుంచి మరో ఫోనుకు మారుతూ యానాంలో ఒక సెల్‌ఫోన్ల కొట్టుకు చేరాను. అక్కడ దేవకుమారి అనే అమ్మాయి మెమరీ కార్డులోకి ఎక్కేటప్పుడు నాకు దెబ్బ తగిలింది. పల్లవి మధ్యలో మూడుసార్లు ఎక్కిళ్లు పెట్టి గానీ ముందుకు కదలలేను.

ఆమె తండ్రి చిట్టబ్బాయికి పెళ్లిళ్ల బ్యాండు ఉంది. క్లారినెట్ వాయించే పెద్దాయన వయసు మీదపడి మానేస్తే, చిన్నప్పటి నుంచి ఆయన దగ్గరే నేర్చుకున్న కూతురు తాను వాయిస్తానంది. ఆడపిల్ల బ్యాండుతో వీధిలో నడవడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు.

“ఈ ఒక్క ఊరేగింపే. ఎవరైనా నవ్వారో, ఆ పెద్దాయన బ్యాండు కోటు విప్పేసి ఇంటికాడ కూకోవాలి. మళ్లీ అడగకూడదు” అన్నాడు తండ్రి.

“నవ్వకపోతే?”

“అప్పుడు చూద్దాంలే.”

బ్యాండువాళ్లు కాగితం మీద రాసుకోరు. విన్నది విన్నట్టు చెవితో పట్టేస్తారు. దేవకుమారి నన్ను ఎక్కిళ్లతో సహా నేర్చుకుని అందరికీ నేర్పింది. నా లోపం ఆ పిల్ల కొంప ముంచుతుందని భయపడ్డాను.

పెళ్లిరోజు సాయంత్రం ఊరేగింపులో రెండు సినిమా పాటలయ్యాక ఆమె నన్నెత్తుకుంది. జనం ఊగారు. ఎక్కిళ్లు వచ్చాయి. క్లారినెట్, బాకాలు, డ్రమ్ములు మూడుసార్లు ఆగి ఆగి కదిలాయి. ఆడేవాళ్ల కాళ్లు తడబడ్డాయి. కిసుక్కున నవ్వులు.

“ఏంటి బాబాయ్, మీ క్లారినెట్టుకి ఎక్కిళ్లా? మంచినీళ్లు పట్టండి!” అన్నాడు పెళ్లికొడుకు బావ.

చిట్టబ్బాయి తల దించుకున్నాడు. దేవకుమారి ఆపలేదు, అది తప్పని ఆమెకు తెలిస్తే కదా! రెండోసారి అక్కడికి రాగానే ఒక్కో ఎక్కిలికీ ఒక్కో గెంతు గెంతింది. పెళ్లికొడుకు మేనత్త కుచ్చిళ్లు ఎగదోపి తానూ గెంతింది. మూడోసారికి వీధి వీధంతా గెంతింది.

“మళ్లీ కొట్టండెహే, ఆ గెంతుడు పాట!” అంటూ ఆ బావే ముందుకు దూకాడు.

ఆ సాయంత్రం నన్ను పదకొండుసార్లు వాయించారు. నాలాంటి పాట లోకంలో మరొకటి లేదని మొదటిసారి నేనే నమ్మాను.

ఇంటికొచ్చాక దేవకుమారి కోటు విప్పి తండ్రికి అందించింది. “నవ్వారు కదా నాన్నా.”

“నవ్వారు. గెంతుతా నవ్వారు కదే!” చిట్టబ్బాయి కోటు తిరిగి ఆమె చేతిలోనే పెట్టాడు. “దీని చేతులు నీకు పొడుగయ్యాయి. రేపు టైలరు కాడికెళ్లి నీ కొలతకి కుట్టించుకో. ఆదివారం ద్రాక్షారామలో పెళ్లుంది.”

తర్వాత కూతురి క్లారినెట్‌ను వాయిద్యాల గదిలో భద్రంగా పెట్టి, తలుపు చప్పుడు కాకుండా మూశాడు.