ఆ ప్రెస్సులో చెయ్యి పెట్టు

రూపశ్రీ వేళ్లు నలిగిపోయిన ప్రెస్సును నీళ్లు పోసి కడిగి, ఆమె ఆస్పత్రికి చేరకముందే మళ్లీ నడిపించారు. శ్రీ సిటీ పారిశ్రామికవాడలో, ఇనుప రేకును ప్రెస్సు కింద అణిచి కార్ల తలుపులకు బిగించే ముక్కలు చేసే ఫ్యాక్టరీ అది. పక్క మిషను మీదున్న కోమలి అంతా కళ్లారా చూసింది. లోపల చెయ్యి ఉంటే సెన్సారు కనిపెట్టి ప్రెస్సును ఆపాలి. ఆపలేదు. ఎట్లా ఆపుతుంది? మాటిమాటికీ ఆగిపోతే టార్గెట్టు దెబ్బతింటుందని ప్రొడక్షన్ మేనేజరు ధర్మేంద్ర సెన్సారును ఎప్పుడో పీకించేశాడు. పైగా రూపశ్రీయే ఫోను చూస్తూ చెయ్యి పెట్టిందని పుకారు పుట్టించాడు, పాపిష్టివాడు!

మధ్యాహ్నానికి పని ఆగింది. జనమంతా క్యాంటీను ముందర కూర్చున్నారు. సెన్సార్లు పెట్టాలి, రూపశ్రీ ఉద్యోగం తీయకూడదు, అదే కేక.

అప్పుడొచ్చాడు నిషిదా. ఫ్యాక్టరీకంతటికీ పెద్ద, జపాను మనిషి. ధర్మేంద్ర అద్దాల గదిలో తింటే, ఈయన పనివాళ్ల వరసలో నిలబడి పళ్లెం పట్టుకునేవాడు. వాళ్లు తొడిగే నీలం చొక్కానే తొడిగేవాడు. ఆ రోజు టోపీ తీసి, నెరిసిన తలను నడుము కిందికి వంచి, అట్లాగే ఉండిపోయాడు. ఎంతకీ లేవడే!

"అయ్యో, మా నాయన వయసుంటాదే! మనకి పాపం తగల్తాది" అని కోమలే ముందుగా అనేసింది. అందరికన్నా పాత ఆపరేటరు ఢిల్లీబాబు పరుగున పోయి ఆయన భుజాలు పట్టి లేపాడు. "లెయ్ సార్, లెయ్. సాలు."

మన వైపు అంతే కదా! పెద్దమనిషి అంతగా వంగాక ఇంకొక్క మాట అడిగితే అడిగినవాడే చెడ్డవాడు. సెన్సారు సంగతి ఎత్తకుండానే అందరూ లేచి పనిలోకి పోయారు. ఆయన దేశంలో వంగడమంటే తప్పు ఒప్పుకోవడం. ఆ తప్పును దిద్దడం వేరే పని. ఆ సంగతి వీళ్లకెవరు చెప్పాలి?

కోమలి ఆస్పత్రికి పోయి, "జపాను సారు మంచోడు మే. అన్నీ బాగు చేపిస్తాడు" అంది. రూపశ్రీ కట్టు కట్టిన చేతిని దుప్పటి కింద దాచుకుంది. "ఇంగ ఆ మిషను మీద ఎవుర్ని కూసోబెడతారో సూడు."

కోమలినే కూర్చోబెట్టారు.

సోమవారం పొద్దున ఆ స్టూలు మీద కూర్చోగానే ఆమెకు రూపశ్రీ అన్న మాట గుర్తొచ్చింది. చేతి గ్లౌజు తీసి, ఒక కర్రకు తొడిగి, లోపల పెట్టి పెడలు తొక్కింది. ప్రెస్సు ఆగలేదు. గ్లౌజు అప్పడంలా అణిగి బయటికొచ్చింది.

కోమలి దాన్ని చేతిలోకి తీసుకుంది. వెంటనే కోపమొచ్చింది, తన మీదే. ఆ మనిషి వంగితే తనెందుకు కరిగిపోయింది? మిషను ఆపే ఎర్ర బటను కొట్టి లేచింది.

"ఏం మే, ఎందుకు లేసినావు?" ధర్మేంద్ర అరుస్తూ వచ్చాడు. "టార్గెట్టు మీ నాయన ఇస్తాడా?"

"సెన్సారు లేదు సార్."

"సూసుకోని చేస్తే చేతులు యాడికీ పోవు. కూసో."

గ్లౌజు చేతులు మారుతూ షెడ్డంతా తిరిగింది. ఒక్కొక్క మిషనే ఆగిపోయింది. వెల్డరు ఏబెల్ మాత్రం, "తొందర పడొద్దబ్బా. పెద్ద సారుకి తెలిసుండదు. పరాయోడైనా ఆయన దండం పెట్టినాడు, మనోడు ధర్మేంద్ర సారేమో తొక్కతా ఉండాడు" అన్నాడు.

"మనోడా? వాడు మనోడెట్లయినాడప్పా?" అని ఢిల్లీబాబు గయ్యిమన్నాడు. "వాడు తొక్కేది ఎవురికోసరం?"

నిషిదాను పిలిపించారు. కోమలి గ్లౌజును ఆయన చేతిలో పెట్టింది. గట్టిగానే అడిగింది. "ఈ ప్రెస్సుకి సెన్సారు లేదని మీకు తెలుసునా సార్?"

ఆ మాట నిషిదాకు ఇంగ్లీషులో చెప్పాల్సిన ధర్మేంద్ర, నేరమంతా తన మీద పడుతుందని భయపడి కక్కేశాడు. "ఆయనకి తెలీకుండా నేను తీస్తానా? తీయమని ఆర్డరిచ్చిందే ఆయన!"

ఏబెల్ మొహం మాడిపోయింది. నిషిదా టోపీ తీశాడు. నడుము వంచబోయాడు.

"ఒంగొద్దు సార్!" ఢిల్లీబాబు అడ్డంపోయి నిలబడ్డాడు. "ఒంగేది మేం సూసినాం. ఆ ప్రెస్సులో నీ చెయ్యి పెట్టు. పెడితే మేమూ కూసుంటాం."

నిషిదాకు మాట అర్థం కాకపోయినా, ఢిల్లీబాబు చూపించిన వేలు అర్థమైంది. ప్రెస్సు వైపు చూశాడు. రెండు చేతులూ వెనక్కి తీసుకున్నాడు.

అది షెడ్డంతా చూసింది. ధర్మేంద్ర పక్క పిల్లను కూర్చోమన్నాడు. "నేను కూసోను." ఆ పక్కామెను పిలిచాడు. "నేనూ కూసోను." గొంతు చించుకున్నా ఒక్కరూ కదల్లేదు.

పోలీసు వ్యాను వచ్చింది. రెచ్చగొట్టారని కోమలినీ ఢిల్లీబాబునూ ఈడ్చి ఎక్కించారు. అడ్డం పడిన ఏబెల్‌నూ ఎక్కించారు.

వ్యాను గేటు దగ్గరికి వచ్చేసరికి పక్కనున్న తడ నుంచి రెండో షిఫ్టు బస్సులొచ్చి ఆగాయి. కోమలి వ్యాను కిటికీలోంచి చూసింది. వీళ్లు లోపలికి పోతే ఇంక అంతే. సాయంత్రానికి ఆ ప్రెస్సు కింద ఇంకొకరి చేతులుంటాయి. ధర్మేంద్ర లేని నవ్వు తెచ్చుకుని, "రండమ్మా, రండి" అని ఎదురుపోయాడు.

పొద్దుటి సంగతి ఫోనులో విన్న వరదమ్మ అందరికన్నా ముందుగా దిగి వ్యాను వైపు చూసింది, ధర్మేంద్ర వైపు చూసింది. "సెన్సారు పెట్టినారా?"

"రేపు పెడతాం. పదండి లోపలికి."

"అయితే రేపటిదాకా ఈడే కూసుంటాం."

వరదమ్మ వ్యాను ముందర రోడ్డు మీద చతికిలబడింది. బస్సుల్లోని వాళ్లంతా దిగి ఆమె చుట్టూ కూర్చున్నారు. వ్యాను డ్రైవరు హారను కొడుతూనే ఉన్నాడు. ఎవరూ లేవలేదు.