హోయ్ట్ రివాల్వర్‌కి కొత్త పిడి

అబిలీన్ ఊరి తుపాకుల సంతలో రోండా అనే ఆవిడ బల్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాను. ఆమె తుపాకులు అమ్మదు, వాటి పిడికి రెండు పక్కలా బిగించే పలకలు అమ్ముతుంది. కర్రవి, కొమ్మువి, ముత్యపుచిప్పవి. నాకు కావలసింది ఏనుగు దంతంలా కనిపించే నకిలీ జత.

"ఇవి చూడండి పెద్దాయనా," అని ఒక జత ముందు పెట్టింది. మరీ తెల్లగా, కట్టుడు పళ్ళలా ఉన్నాయి.

"కాస్త పాతబడ్డట్టు కనపడేవి లేవా అమ్మా?"

బల్ల కింద నుంచి ఇంకో జత తీసింది. మీగడ రంగు. దీపం కింద వంచితే లోపల సన్నటి చారలు కదిలాయి.

"రెండూ ఒకే దిమ్మలోంచి కోసినవి. చార ఎలా కలిసిందో చూడండి. చౌకరకంలో పైన అచ్చు గుద్ది వదిలేస్తారు."

"పట్టుకుంటే తెలిసిపోతుందా?"

ఆమె నా ముఖంలోకి చూసింది. "ఎవరికి తెలియకూడదు మీకు?"

నా చెవులు వేడెక్కాయి.

"అసలుదని చెప్పి అమ్ముకోవడానికైతే నేనివ్వను. ముందే చెబుతున్నా."

"అమ్మడానికి కాదమ్మా."

"అయితే ఆడమనిషి కోసం," అని నవ్వింది. నిజమే కాబట్టి నేను నవ్వలేకపోయాను.

మా క్లబ్బులో అందరం పాతకాలపు టోపీలూ బూట్లూ వేసుకుని నెలకో శనివారం పాత తరహా రివాల్వర్లతో ఇనుప బిళ్ళల్ని కొడతాం. అందరికీ మారుపేర్లుంటాయి. కాలేజీలో చరిత్ర చెప్పినవాణ్ణి గనక అక్కడ నేను లోవెల్‌ని కాదు, పంతుల్ని. అంతకు ముందు నెల నా రివాల్వర్‌లో స్ప్రింగు విరిగితే మా క్లబ్బు నెల్డా తన భర్త హోయ్ట్‌ది ఇచ్చింది, అసలు ఏనుగు దంతపు పలకలున్నది. హోయ్ట్ పోయాక దాన్ని ఎవరి చేతికీ ఇవ్వలేదు. "నీకైతే ఇస్తాను," అంది. మా ఆవిడ ఇమోజీన్ పోయినప్పుడు వారం పాటు మా ఇంటికి వంట పంపిన మనిషి.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి దాన్ని శుభ్రం చేసి పలకలు తిరిగి బిగించాను. దంతమైతే స్క్రూ వేళ్ళతో తిప్పి ఆపేయాలని మా వాళ్ళలో కొత్తగా చేరినవాడికైనా తెలుసు. కాస్త వదులుగా అనిపించి ఇంకో సగం చుట్టు తిప్పాను. టక్కుమంది. స్క్రూ రంధ్రం నుంచి కింది అంచు దాకా చీలిక.

అసలు దంతం కొందామన్నా ఇప్పుడు చట్టాలు సాగనివ్వవు. అందుకే రోండా దగ్గర ఆ జత కొన్నాను. ఇనుము మీద గీతలు పడకుండా పలకల్ని విడిగా పట్టుకుని అరగదీశాను. చిక్కటి టీ డికాక్షన్‌లో నానబెట్టాను. హోయ్ట్ అరచెయ్యి ఆనే చోట ఉన్న పసుపు ఛాయ కూడా వచ్చింది. రివాల్వర్‌కి బిగించి దీపం దగ్గర పెట్టి చూసుకుని మురిసిపోయాను. ఆ మురిపెం గుర్తొస్తే ఇప్పటికీ తల ఎత్తలేను.

తర్వాతి క్లబ్బు శనివారం రేకుల షెడ్డు కింద నెల్డా అందరికీ చిక్కుడు గింజల కూర, మొక్కజొన్న రొట్టె వడ్డిస్తోంది. రివాల్వర్ ఇచ్చాను. తూటాల అరలు ఖాళీగా ఉన్నాయని చూసుకుని పిడిని చెంపకి ఆనించుకుంది.

"ఎండకి హోయ్ట్ ఇలాగే ఆనించుకునేవాడు. దంతం కదా, చల్లగా ఉండేది."

అలాగే ఉంచుకుంది. మామూలుకన్నా కాస్త ఎక్కువసేపు.

పక్క బల్ల నుంచి మా క్లబ్బు సభ్యుడు డబ్ అన్నాడు: "ఎంత మెరిపించావయ్యా పంతులూ. నెల్డా, ఇతనికే ఇచ్చెయ్, నీకన్నా బాగా చూసుకుంటున్నాడు."

"చూసుకుంటాడు," అంది నెల్డా. డబ్ రొట్టె తీసుకుని వెళ్ళేదాకా ఆగింది. తర్వాత మెల్లగా, "పాతవి పారేశావా?"

"లేదు. కారులో ఉన్నాయి."

ఊపిరి వదిలింది. "తీసుకురా. స్క్రూడ్రైవర్ కూడా."

చేతిరుమాలు విప్పి చీలిన పలకని ఆవిడ ముందు పెట్టాను.

"నెల్డా, నేను చెప్పాల్సింది..."

"చెప్పాల్సింది పోయిన నెల. ఇప్పుడు బిగించు."

కొత్తవి ఊడదీసి పాతవి బిగించాను. "చాలు, ఆపు," అంది. ఆపాను.

"అప్పుడే వచ్చి చెప్పుంటే, పోనీలే లోవెల్, విరిగితే విరిగిందనేదాన్ని. అనాలని కూడా ఉండేది. ఆ మాట నా నోట రాకుండా చేశావు."

ఆవిడ పళ్ళెం తీసుకుని కూర వేసింది, నాకు ఇష్టమని అడుగంటిన రొట్టె ముక్క పక్కన పెట్టింది. దాన్ని తినడం చాలా కష్టమైంది.

"ఆ నకిలీవి నీదానికి పెట్టుకో," అంది. "బాగున్నాయి."

పెట్టుకున్నాను. హోయ్ట్ రివాల్వర్‌కి సరిపోయేలా అరగదీసినవి కాబట్టి నాదాని మీద ఒక పక్క అంచు మిగిలి అరచేతికి తగులుతుంది. క్లబ్బుకి కొత్తగా వచ్చినవాళ్ళు ఎవరో ఒకరు దగ్గరికొచ్చి, "అసలు దంతమేనా సార్?" అని అడుగుతారు. నెల్డా వడ్డిస్తూ ఉంటుంది, అన్నీ వినపడే దూరంలో.

"కాదు," అంటాను. "నకిలీవి."