ఆవకాయ చెయ్యి, ముల్లంగి కుండీ

మా ఆవిడ వరలక్ష్మి జాడీలో ఆవకాయ పెట్టిందంటే గాలి దూరడానికి సందుండదు. పిడికిలితో అదిమి అదిమి పెడుతుంది. భీమవరం నుంచి పంజాగుట్ట ఫ్లాటుకి తెచ్చుకున్న ఆస్తి ఆ పిడికిలే. దాని ముందు నేనే నోరెత్తను, ఇక మట్టెంత.

ఎదురింటి చిలకమ్మగారిని చూసి తనూ మేడ మీద ముల్లంగి వేసింది. గింజలు చిలకమ్మగారే ఇచ్చారు. ఇద్దరి కుండీలూ పక్కపక్కనే. తీరా పీకి చూస్తే ఆవిడవి జానెడు దాటాయి. మావి బొటనవేలంత పొడుగు, లడ్డూలంత లావు.

చిలకమ్మగారు లావు గింజలు ఉంచుకుని సన్నవి తన మొహాన కొట్టిందని మా ఆవిడ తేల్చేసింది. ఆనాటి నుంచి మాటల్లేవు. సాయంత్రాలు కలిసి తాగే టీ బంద్. దాంతోపాటు చిలకమ్మగారు టీలోకి కాల్చే సర్వపిండీ బంద్. మధ్యలో నేనేం పాపం చేశాను? పైగా మా ఆవిడ అలవాటు కొద్దీ చిలకమ్మగారికీ ఓ కప్పు పోసి, గుర్తొచ్చి సింకులో పారబోసేది.

ఆదివారం మా అమ్మాయి మంజూష బేగంపేట నుంచి వచ్చింది. కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. కుండీలో వేలు గుచ్చబోయి గోరు విరగ్గొట్టుకుంది.

"అమ్మా, ఇందులో ముల్లంగి వేశావా, ఆవకాయ పెట్టావా?"

వేరు ఒక వాయువు వదులుతుందట. మామిడికాయల్ని పండించేదీ అదేనట. మట్టి గుల్లగా ఉంటే అది బయటికి పోతుంది, వేరు హాయిగా కిందికి దిగుతుంది. మట్టి గట్టిపడితే పోయే దారిలేక వేరు చుట్టూనే పేరుకుంటుంది. అప్పుడు వేరు సాగడం మానేసి లావెక్కుతుందట. గింజల తప్పేం లేదంది.

మా ఆవిడ మొహం మాడిపోయింది. చిన్న జాడీ ఆవకాయ పట్టుకుని ఎదురింటికి నడిచింది. నేనూ వెనకాలే వెళ్లాను. సర్వపిండి కోసం కాదు. సరే, దానికోసమే. అనుమానపడ్డ సంగతంతా దాచకుండా చెప్పేసింది.

చిలకమ్మగారు జాడీ అందుకున్నారు.

"మంచియన్నీ ఏరి నీకే ఇచ్చిన అక్కా. మొదటిసారి ఏస్తున్నవు గదా. మిగిలిన సన్నయి నేనేసుకున్న."

మా ఆవిడ చిలకమ్మగారి చెయ్యి పట్టుకుని ఏడ్చేసింది. ఎంత ఏడ్చినా ఆ చెయ్యి మాత్రం గట్టిగా నొక్కలేదు. టీ నేనే పెట్టాను. ఆ సాయంత్రం ఏ కప్పూ పారబోయలేదు.