ఏడు కేజీల తేడా

మూడో సంచిని కాటా మీద పెట్టి, ముల్లు ఆగేదాకా ఊపిరి బిగబట్టి నిలుచున్నాడు తూకం మావయ్య. ముల్లు పద్నాలుగున్నర దాటి, కాస్త వణికి నిలబడింది. గుప్పెడు ఇసుక తీసి కుప్పలో వేశాడు. ఎక్కువ తీశాననిపించి చిటికెడు మళ్లీ కలిపాడు. మూతిని రెండు మెలికలు తిప్పి, పురికొసతో బిగించి, సంచిని నిద్రపోతున్న పిల్లను దించినట్టు కింద పెట్టాడు. అరచేతులు ముక్కు దగ్గరికి తెచ్చుకుని వాసన చూశాడు.

తడి వాసన. రాత్రి వాన పడింది. పైన కప్పిన పట్టా ఎక్కడో చిరిగినట్టుంది, కుప్ప సగం నానిపోయింది.

జేబులోంచి చీటీ తీసి మరోసారి చూసుకున్నాడు. 'డూప్: 68'. హీరో బదులు పడేవాడి బరువని ఆఫీసువాళ్లు రాసిచ్చిన అంకె. అందులోంచి పది తీసేస్తే యాభై ఎనిమిది. ఆ యాభై ఎనిమిదీ నాలుగు సంచుల్లో సర్దాలి. ఎదురుగా నాలుగంతస్తుల కట్టడం, దాని నెత్తిన ఇనుప దూలం, దూలానికి కప్పీ, కప్పీ మీదుగా కంటికి ఆనని సన్నటి తీగ. తీగకు ఒక చివర మనిషిని కడతారు, రెండో చివర ఇసుకను కడతారు. మనిషి దిగుతుంటే ఇసుక ఎక్కుతుంది. ఇసుక బరువు మనిషికన్నా పది కేజీలు తక్కువుంటే, అంత ఎత్తునుంచి పడినవాడు బల్ల మీంచి దొర్లిపడినట్టు పడతాడు. ఇరవై తక్కువైతే నిలువెత్తు గోడ మీంచి పడినట్టే. ఈ లెక్క అతనికి ఎవరూ చెప్పలేదు. కొత్తలో పాత కుర్చీలను కట్టి వదిలేవాడు. ఎన్ని కాళ్లు విరిగాయో చూసి నేర్చుకున్నాడు.

ముప్పై ఒక్క ఏళ్లుగా సినిమా ఫైట్లకు సంచులు నింపుతున్నాడు. యూనిట్లో లైట్లు మోసేవాళ్లకు తీరిక దొరికితే అతనితోనే ఆట.

"మావయ్యా, ఈ తడి తువ్వాలు ఎంతుంటుంది?"

"పిండకముందా, పిండాకా?"

"సరే, మన హీరోగారి టెక్కు ఎంతుంటుంది?"

"నా కాటా చాలదురా. లారీలు తూచే చోటికి తీసుకుపో."

కూతురు పుట్టిన రోజున నర్సు గుడ్డల్లో చుట్టి చేతికిస్తే, ముఖం చూడకముందే "రెండు కేజీల ఏడొందలు" అన్నాడు. నర్సు తూచి చూసి, యాభై గ్రాములు ఎక్కువే ఉందంది. "అది గుడ్డ బరువమ్మా" అన్నాడు. ఆ కూతురికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. మనవల్ని ఎత్తుకున్నప్పుడల్లా "నాన్నా, అంకె మాత్రం చెప్పకు, దిష్టి" అని ముందే కేక వేస్తుంది.

సినిమాకు వెళ్లినా అందరూ చూసేవైపు చూడడు. హీరో మేడ మీంచి పడుతుంటే హాలంతా ఈలలు, అతని చూపు మాత్రం తెర అంచున, ఇసుక సంచి పైకి పోతూ ఉండాల్సిన చోట. "నూట యాభై మంది పడేవాణ్ణి చూస్తుంటే మీరు గోడను చూస్తారేంటండీ" అని భార్య మోచేత్తో పొడుస్తుంది.

నీళ్లంటే అతనికి భయం. పదహారేళ్ల కిందట వాన సీనులో ఒకతను ఉన్ని కోటు వేసుకుని దూకాడు. పొడి కోటు బరువు లెక్కలో ఉంది. కోటు తాగిన నీళ్లు లేవు. ఆ మనిషి ఇప్పటికీ కుర్చీలోంచి లేవాలంటే నడుం పట్టుకుని, పళ్లు బిగించి లేస్తాడు. కనబడినప్పుడల్లా నవ్వుతూనే పలకరిస్తాడు. ఆ నవ్వు చూసిన రోజు తూకం మావయ్యకు ముద్ద దిగదు.

నాలుగో సంచి కట్టి నడుం వాల్చబోతుంటే ఈల వినిపించింది. మేనల్లుడు. సొంత అక్క కొడుకు. ఇవాళ పడబోయేది వాడే. పెళ్లయి మూడు నెలలు. పెళ్లయ్యాక తీగ పని ఇదే మొదటిసారి. నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్ ఊపుకుంటూ, కాలువ మీద వేసిన చెక్క పలక మీదుగా వస్తున్నాడు. వాడు నడిమధ్యకు వచ్చేసరికి పలక బొజ్జ నీళ్లను తాకింది. గట్టెక్కాక మళ్లీ లేచింది.

తూకం మావయ్య చేతిలోని పురికొస ఉండ జారిపోయింది. పెళ్లికి ముందు ఏడాదంతా వీడు ఆ పలక మీదే దాటాడు. ఎప్పుడూ నీళ్లకూ పలకకూ మధ్య రెండు వేళ్ల సందు ఉండేది. కాలువలో నీళ్లు పెరిగాయేమోనని దిగి చూశాడు. గోడ మీది నాచు గీత ఎక్కడుందో నీళ్లూ అక్కడే ఉన్నాయి.

"ఒరేయ్, ఒకసారి కాటా ఎక్కు."

"ఎందుకు? చీటీలో ఉందిగా."

"ఆఫీసువాళ్లు నిన్ను తూచారా?"

"ఫోన్‌లో అడిగారు. పాతదే కదా అన్నారు, పాతదే అన్నాను." క్యారియర్ కింద పెట్టి, పై గిన్నె మూత తీశాడు. "తింటావా? మీ కోడలు పొద్దున్నే లేచి చేసింది. ఒక్క మెతుకు మిగిలినా మూతి ముడుచుకుంటుంది. నిన్న దాని కోసం రెండోసారి అన్నం పెట్టించుకున్నాను. ఏం చెయ్యను చెప్పు!"

వాడి బుగ్గల నునుపు, గడ్డం కింద కొత్తగా వచ్చిన చిన్న మడత, చెబుతున్నంతసేపూ ఆగని నవ్వు. చూస్తుంటే తూకం మావయ్యకూ నవ్వొచ్చింది. వెంటనే ఆపుకున్నాడు.

"కాటా ఎక్కరా."

నవ్వు ఆగిపోయింది. వాడు అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"మావయ్యా, హీరో సన్నబడ్డాడు. డెబ్బై కేజీలు దాటినవాళ్లెవరూ వద్దని ఫైట్ మాస్టర్ అందరి ముందూ చెప్పాడు. గది తీసుకుని నెలన్నరే అయింది. మొన్ననే మీ కోడలు కిటికీకి పరదా కొనుక్కొచ్చి, దాన్ని పది రకాలుగా కట్టి చూసి మురిసిపోయింది. ఇప్పుడు పని లేదని ఏ మొహంతో చెప్పను?"

"పడేది వెల్లకిలారా. కారు టాపు మీద. కింద ఉండేది ఇంత పల్చటి పరుపు."

"అందుకేగా నువ్వున్నావు. పట్టి చూసి నీకెంత కావాలో అంత కలుపుకో. ఎవరైనా అడిగితే ఇసుక ఆరిందని చెప్పు. వాన పడిందిగా, అందరూ నమ్ముతారు. చెబుతావా?"

తూకం మావయ్య చీటీని మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

"చెబుతాన్లే" అన్నాడు.

మధ్యాహ్నం ఎండ చురుక్కుమంది. నాలుగు సంచుల కిందా నాలుగు తడి మరకలు. సంచుల్ని మళ్లీ కాటాకు ఎత్తాడు. యాభై అయిదు. పొద్దుటి నుంచి మూడు కేజీల నీళ్లు నేలలోకి, గాలిలోకి పోయాయి. కుప్ప మీది పొడి ఇసుక తెచ్చి మూడు కేజీలు నింపాడు. అది నిజంగా ఆరిన లెక్క, దానికి ఎవరికైనా జవాబు చెప్పగలడు. తర్వాత మేనల్లుడికి నడుం బెల్టు కట్టి, తీగ తగిలించి, జానెడెత్తున వేలాడదీశాడు. రెండో చివర సంచుల దగ్గర నిలబడి తీగ మీద అరచెయ్యి ఆనించాడు. కళ్లు మూసుకున్నాడు. ఎంత నొక్కి ఆపాల్సి వస్తోందో చూశాడు. పది కాదు. పదిహేడు.

అంటే వీడు డెబ్బై అయిదు.

చిన్న సంచి ఒకటి తీసుకుని, చేత్తోనే కొలిచి ఏడు కేజీలు నింపాడు. మూతి కట్టబోయాడు. రెండుసార్లు ముడి జారింది.

"మావయ్యా, ఎండ పోతోంది!" కెమెరా పక్కనుంచి అసిస్టెంట్ అరిచాడు. "ఇంకా ఏం తూస్తున్నావు, బంగారమా?"

ముప్పై ఒక్క ఏళ్లలో అతను ఒక్క షాట్‌నీ ఆపలేదు. యాభై మంది తలలు తనవైపు తిరిగేసరికి చెవులు వేడెక్కాయి. గొంతులో మాట సిద్ధంగా పెట్టుకున్నాడు. ఇసుక ఆరింది. రెండే ముక్కలు. ఇసుక ఆరింది, ఇసుక ఆరింది అనుకుంటూ చిన్న సంచిని కొక్కేనికి తగిలిస్తున్నాడు.

ఫైట్ మాస్టర్ వెనకనుంచి ఎప్పుడొచ్చాడో తెలియదు. కొత్త సంచి మీద చెయ్యి వేసి, రోజూ అడిగినట్టే అడిగాడు.

"డూప్ ఎంత?"

"డెబ్బై అయిదు" అన్నాడు తూకం మావయ్య.

అన్నాకగానీ తన మాట తనకు వినపడలేదు. ముప్పై ఒక్క ఏళ్లుగా 'ఎంత' అనగానే నోటికి వచ్చే అంకె అలాగే వచ్చేసింది. జానెడెత్తున వేలాడుతున్న మేనల్లుడు తల తిప్పి చూశాడు. కోపం కూడా లేదు వాడి ముఖంలో. బస్సు వెళ్లిపోయాక స్టాపు దగ్గరికి వచ్చినవాడిలా ఉన్నాడు.

"ఇసుక... ఇసుక ఆరింది మాస్టారూ" అన్నాడు తూకం మావయ్య, ఆలస్యంగా.

మాస్టర్ అతన్ని చూశాడు, వాణ్ణి చూశాడు, ఆకాశాన్ని చూశాడు. "ఇప్పుడు తూకం సరిగ్గా ఉందా?"

"ఉంది."

"అయితే పైకి పంపు. ఎండ ఉండగా ఒకటి తీద్దాం."

మేనల్లుడు పిట్టగోడ మీద వీపు ఇటు తిప్పి నిలబడ్డాడు. కింద తెల్ల కారు. తూకం మావయ్య రోజూ చేసినట్టే లెక్క మొదలుపెట్టాడు. తెర మీద రెప్పపాటులో పడినట్టు చూపిస్తారు గానీ, ఇక్కడ ఆరు అంకెలు పడుతుంది. నాలుగుకే పడితే తూకం తప్పినట్టు.

వాడు వెనక్కి వాలాడు.

ఒకటి. చేతులు చాచాడు. రెండు. సంచులు నేల విడిచాయి. మూడు. నాలుగు అనడానికి నోరు రాలేదు. వాడి చొక్కా గాలికి ఉబ్బి ఉంది, వాడింకా రెండో అంతస్తు కిటికీ దగ్గరే ఉన్నాడు. అయిదు. ఆరు.

టాపు మీద మెత్తగా, దిండు విసిరినట్టు చప్పుడైంది. వాడు లేచి కూర్చున్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తూకం మావయ్య ఇసుక కుప్ప మీదే కూలబడ్డాడు.

మాస్టర్ వాడి భుజం తట్టాడు. "చక్కగా పడ్డావు. కానీ వెనకనుంచి చూస్తే హీరోలా లేవు. ఇవాళ్టి కూలి తీసుకుని వెళ్లు. తగ్గాక కనబడు." ఆ మాట అరవకుండా, మర్యాదగానే చెప్పాడు. తర్వాత అటు తిరిగి, "రెండో టేక్‌కి ఆ సన్నటివాణ్ణి పిలవండి" అన్నాడు.

మేనల్లుడు బెల్టు విప్పి మావయ్య చేతికిచ్చాడు. అది ఇంకా వెచ్చగా ఉంది.

"ఒరేయ్, నేను కావాలని..."

"తెలుసు మావయ్యా." వాడు క్యారియర్ అందుకున్నాడు. "పాతికేళ్ల నుంచి చూస్తున్నాను నిన్ను. అయినా ఒక్క అబద్ధం, ఒక్కటంటే ఒక్కటి చెప్పలేకపోయావా?"

గేటు దాకా వెళ్లి ఫోన్ తీశాడు. ఎండకు కళ్లు చిట్లించుకుని, ముఖానికి నవ్వు పులుముకుని, గట్టిగా మాట్లాడాడు.

"ఏం చేస్తున్నావు?... ఊఁ, తొందరగా అయిపోయింది ఇవాళ. వచ్చేస్తున్నా... లేదు లేదు, అంతా తిన్నాను. అన్ని గిన్నెలూ ఖాళీ."

ఆ మాటలు గేటు అవతలికి వెళ్లిపోయాయి.

"మావయ్యా, ఈ కుర్రాడు అరవై ఎనిమిదే" అన్నాడు అసిస్టెంట్ కొత్త చీటీ ఇస్తూ.

తూకం మావయ్య లేచాడు. సన్నటివాణ్ణి కాటా ఎక్కించాడు. అరవై ఎనిమిదే. నాలుగు పెద్ద సంచులు చాలు. చిన్నదాన్ని కొక్కెం నుంచి ఊడదీసి, రెండు చేతులా గట్టిగా పట్టుకుని, గోడ పక్కన దించాడు. అసిస్టెంట్ మళ్లీ పిలిచాడు.

గోడవారన ఏడు కేజీల సంచి. మధ్యలో అతని వేళ్లు అదిమిన గుంటలు, వాటిలోకి ఇసుక మెల్లమెల్లగా సర్దుకుంటోంది.