తల్లిపిండికి తాళం

ఆ కేఫ్‌లో పొయ్యి ఒక్కటే, వంటవాళ్లు మాత్రం ఇద్దరు. ఇటలీ వంట బావది, టర్కీ వంట బావమరిదిది. బావ పిజ్జాలు కాల్చి పక్కకు జరిగితే, బావమరిది అదే పొయ్యిలో పడవల్లాంటి టర్కీ రొట్టెలు కాల్చేవాడు. రెండింటికీ పిండి ఒక్కటే. గాజు డబ్బాలో ఎప్పుడూ పులుస్తూ ఉండే ముద్దకు తల్లిపిండి అని పేరు పెట్టుకున్నారు. రోజూ అందులోంచి కొంత తీసి కొత్త పిండిలో కలపాలి, తీసినంత మళ్లీ పిండీ నీళ్లూ పోసి పెంచాలి. ఆ రొట్టెల రుచి కోసమే వీధి వీధంతా అక్కడికి వచ్చేది. అది పాడైతే ఆ రుచి మళ్లీ రాదు.

పొద్దున్నే మూత తీసి, ముక్కు దగ్గర పెట్టుకుని, "బాగుంది" అనడం బావ హక్కు. ఆయన ఆ మాట అనేదాకా వంటింట్లో ఎవరూ చెంచా ముట్టకూడదు.

అలాంటి మనిషికి అనుమానం పట్టుకుంది. మధ్యాహ్నం జనం పలచబడ్డాక బావమరిది మేడ మీది తన గదికి పోతూ సంచిలో ఒక చిన్న డబ్బా పట్టుకెళ్తున్నాడు. ఒకరోజు దాని మూత పక్కకు జరిగితే లోపల తల్లిపిండి కనిపించింది. అక్కడితో ఆగిందా? బావ అటు తిరిగితే చాలు, అతను టమాటా సాస్ గిన్నెలో చెంచా ముంచి, నాలుక మీద వేసుకుని, ఏదో చల్లేస్తున్నాడు. అక్కా తమ్ముడూ గుసగుసలాడుకుంటూ, ఈయన గుమ్మంలోకి రాగానే ఎండ ఎక్కువగా ఉందంటున్నారు. ఎండ గురించి అంత రహస్యంగా మాట్లాడుకునేవాళ్లను ఎవరైనా చూశారా?

పైగా పక్క వీధిలో ఒక కొట్టు అద్దాలకు లోపల్నుంచి కాగితాలు అంటించారు. ఏం పెడుతున్నారని అడిగితే తనకు తెలియదన్నాడు బావమరిది. మరీ టక్కున అన్నాడు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి సంగతేమో గానీ, తాను పట్టి తీరతాననుకున్నాడు బావ.

నిజానికి కోపం కంటే బాధే ఎక్కువ. వాడికి కత్తి పట్టుకోవడం నేర్పింది తను. వాడు వేరు కొట్టు పెట్టుకుని పోతే ఈ కేఫ్ సగమైపోతుంది, ఇంట్లో చుట్టరికమూ సగమైపోతుంది. ఇదంతా ఆలోచిస్తూ ఒకరోజు ఇంట్లో పొయ్యి పక్కనే కూర్చున్నాడు. వెనక గిన్నెలో పాలు పొంగి మాడిపోయాయి. భార్య పరుగెత్తుకొచ్చి పొయ్యి ఆర్పి, ఆయన ముఖంలోకి అదోలా చూసింది. తమ్ముడి గుట్టు తెలిసిపోయిందని భయం కాబోలు అనుకున్నాడాయన.

మర్నాడు గాజు డబ్బాను పొయ్యి పక్క అలమారాలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి చొక్కా జేబులో. బావమరిది ముఖం పాలిపోయింది. ఒక్కసారి చూసి ఇచ్చేస్తానని ఒకటికి పదిసార్లు బతిమాలాడు. అతను బతిమాలినకొద్దీ బావ నమ్మకం గట్టిపడింది. ఈలోగా రొట్టెలు పొంగడం మానేశాయి. రోజూ వచ్చే చెప్పుల షాపాయన పిజ్జా సగంలో వదిలేసి వెళ్లిపోయాడు. వీడే ఏదో కలిపాడనుకున్నాడు బావ.

ఆ మధ్యాహ్నమే భార్యను కూడా పిలిపించి, తేల్చేస్తానని అలమారా తెరిచాడు.

"ఆ కాగితాల కొట్టు నీదేనని నాకు తెలుసురా. పెట్టుకో. ఇది మాత్రం నీ చేతికి రాదు."

మూత తీసి, ఎప్పటిలాగే ముక్కు దగ్గర పెట్టుకుని, గుండెల నిండా పీల్చాడు.

"బాగుంది," అన్నాడు.

భార్య చప్పున ముక్కు మూసుకుంది. బావమరిది తల పక్కకు తిప్పుకున్నాడు. కిటికీ దగ్గర టర్కీ కాఫీ తాగుతున్న ముసలాయన కప్పుతో సహా లేచి బయటికి పోయాడు.

బావ మళ్లీ పీల్చాడు. ఏమీ లేదు. మంచి వాసనా లేదు, చెడ్డ వాసనా లేదు. అప్పుడు చూశాడు, పిండి మీద కుళ్లినప్పుడు వచ్చే గులాబీ రంగు చారలు. ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

"ఎప్పట్నుంచి?" అని అడిగాడు.

"నీకు జ్వరం వచ్చి తగ్గింది చూడు, అప్పట్నుంచి," అన్నాడు బావమరిది. "పాడైన పిండిని కూడా బాగుందన్నావు బావా. నీతో చెప్తే వంటింట్లోకి రావడమే మానేస్తావని అక్క ఏడ్చింది. అందుకే మంచి ముద్ద పైన పెంచి, నువ్వు చూడకుండా ఇందులోకి మారుస్తున్నా. సాస్‌లో ఉప్పూ కారం కూడా సరిచేస్తున్నా."

"మరి ఆ కొట్టు?"

"నిజంగా నాకు తెలీదు. ఇస్త్రీ బల్లలు దింపుతుంటే నిన్ననే చూశాను."

బావ సిగ్గుతో తల దించుకున్నాడు. బావమరిది మేడ మీదికెళ్లి తన డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టాడు. ఆయన మూత తీసి, వేలితో నొక్కి చూశాడు. ముద్ద మెత్తగా పైకి లేచింది. అలవాటుగా ముక్కు దాకా ఎత్తబోయి, సగంలో ఆగి, డబ్బాను బావమరిది వైపు చాపాడు.

"నువ్వు చూసి చెప్పు."

"బాగుంది బావా."

ఆ మాట నిజమో కాదో తేల్చుకునే దారి ఆయనకు ఇక లేదు. తాళంచెవి తీసి బల్ల మీద పెట్టి, పిండి కలపడానికి చేతులు కడుక్కున్నాడు.